వెనోస్టా లోయలో నాన్నతో ఆరు రోజులు: మూతపడి మళ్లీ కూత పెట్టిన రైలు

తిరిగొచ్చి వారం కాలేదు. సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది. నాన్న మాత్రం వచ్చిన రోజు రాత్రే డైరీ తీసి ఆ లైన్లోని స్టేషన్ల పేర్లన్నీ వరసగా రాసుకున్నారు, పద్దెనిమిదీ. నేను కూడా మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మా నాన్న రైల్వేలో పీడబ్ల్యూఐగా చేసి రిటైరయ్యారు. పట్టాలు, స్లీపర్లు, కంకర, కటింగులు (కొండని కోసి పట్టాలు వేసిన చోట్లు), వంతెనలు, ఇవన్నీ చూసుకునే ఉద్యోగం. సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైన్లోనే, అనంతగిరి కొండల్లోనే గడిచింది. ఈ 2019 సెప్టెంబర్లో నాకు ఆఫీసు పని మీద మిలాన్ వెళ్లాల్సి వచ్చింది. పనయ్యాక వారం సెలవు పెట్టుకుని ఆయన్ని కూడా రమ్మన్నాను. రోమ్, వెనిస్ చూపిద్దామని నా ఆలోచన. ఆయన ఫోన్లో "ఏదైనా కొండ లైనుంటే చూపించు తల్లీ, ఊళ్లు నాకెందుకు" అన్నారు. అలా వెతికితే దొరికింది ఈ మెరానో–మాల్లెస్ లైను. ఇటలీ పైభాగాన, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దులు కలిసే మూలన, వాల్ వెనోస్టా అనే లోయలో 60 కిలోమీటర్ల సింగిల్ లైను. 1906లో మొదలైంది, 1990లో మూసేశారు, 2005లో మళ్లీ తెరిచారు. మూసేసిన లైను మళ్లీ తెరిచారనగానే నాన్న ఇంకేమీ అడగలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం, మెరానో

మెరానో స్టేషన్లో దిగగానే నాన్న చేసిన మొదటి పని ప్లాట్‌ఫారం చివరిదాకా నడవడం. బోల్జానో నుంచి వచ్చే లైను ఇక్కడిదాకా 1881లోనే వచ్చింది. పాతికేళ్ల తర్వాత, 1906 జూలై 1న, ఇక్కణ్ణుంచి లోయలోకి మాల్లెస్ దాకా రైలు నడిచింది. ఇప్పుడున్న స్టేషన్ భవనం ఆ సందర్భానికి కట్టిందే. ఎత్తైన కిటికీలు, గుండ్రటి వంపులతో దర్జాగా ఉంటుంది. చిన్న లోయ రైలుకి ఇంత స్టేషన్ ఎందుకు కట్టారా అనిపించింది. అప్పట్లో ఇది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం. వియన్నా నుంచి గొప్పవాళ్లు ఆరోగ్యం కోసం ఈ ఊరికి వచ్చేవారు, ఆస్ట్రియా చక్రవర్తి భార్య ఎలిజబెత్ కూడా వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ ప్రాంతమంతా ఇటలీ చేతికొచ్చింది. వందేళ్లయినా లోయ ఇళ్లలో మాట్లాడేది జర్మనే. స్టేషన్ బోర్డు మీద రెండు పేర్లుంటాయి, మెరానో అని ఇటాలియన్లో, మెరాన్ అని జర్మన్లో.

రాత్రి భోజనానికి నది ఒడ్డు దగ్గర ఒక ఇంటి హోటల్లాంటి దాంట్లోకి వెళ్లాం. నాన్న మాంసం తింటారు గానీ పంది మాంసం ముట్టరు. ఇక్కడేమో 'ష్పెక్' అని పొగబెట్టిన పంది మాంసం సూపులో, కూరల్లో, చివరికి ఉండల్లో కూడా సన్నగా తరిగి వేస్తారు. వడ్డించే అమ్మాయి మా ఇబ్బంది కనిపెట్టి, మెనూ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ "ఇందులో ఉంది, ఇందులో లేదు" అని ఓపిగ్గా చెప్పింది. చివరికి పాలకూర క్నోడెల్ తెప్పించుకున్నాం. నిన్నటి రొట్టెని పాలల్లో నానబెట్టి, గుడ్డు, పాలకూర కలిపి ఉండలు చుట్టి ఉడకబెడతారు. ప్లేటుకి మూడు, పైన కరిగించిన వెన్న, తురిమిన చీజ్. 11 యూరోలు. చప్పగా ఉంటుందేమో అనుకున్నాను గానీ వెన్న కమ్మగా ఉండి రెండో ఉండ సగంలో ఉండగానే ఆకలి తీరిపోయింది. నీళ్ల సీసాకి 3 యూరోలు వేశారు. నాన్నకి అదొక్కటే మింగుడు పడలేదు, మర్నాటి నుంచి స్టీలు సీసా వదల్లేదు.

సెప్టెంబర్ 16, సోమవారం, మెరానో నుంచి తెల్, నతుర్నో

ఏడు రోజులకి చెల్లే మొబిల్‌కార్డ్ తీసుకున్నాం. మనిషికి 28 యూరోలు, మన లెక్కలో 2,200 పైచిలుకు. ఆ ప్రాంతంలోని లోకల్ రైళ్లు, బస్సులు అన్నిటికీ అదే పనికొస్తుంది. ఎక్కేముందు మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలన్నారు. అది తెలియని ఒక ముసలి జంటకి నాన్నే సైగలతో చూపించారు.

బండి చిన్నది. స్విస్ తయారీ డీజిల్ రైలు, పెద్ద అద్దాలు, లోపల సైకిళ్లకి చోటు. మెరానో సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటే, చివరి స్టేషన్ మాల్లెస్ వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ. అంటే 60 కిలోమీటర్లలో దాదాపు 700 మీటర్లు ఎక్కాలి. అందులో గట్టి ఎక్కుడంతా మొదట్లోనే. లాగుందో, మార్లెంగో దాటాక కొండవాలు పట్టుకుని, సొరంగాల్లో దూరి, పెద్ద వంపు తిరిగి తెల్ అనే చోటికి ఎక్కుతుంది. మెరానో ఊరు కాసేపు కుడివైపు కింద, కాసేపు ఎడమవైపు ఇంకా కింద కనబడుతుంది. నాన్న లేచి నిలబడి అటు కిటికీకీ ఇటు కిటికీకీ తిరుగుతూనే ఉన్నారు. "శివలింగపురం దాటాక మన బండి ఇలాగే తిరుగుద్ది" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు, "నూట పదేళ్ల కిందట ఈ వంపు గీసినోడు ఎవడో గాని, చెయ్యి తిరిగినోడు."

తెల్‌లో దిగి కొండ మీది పార్చినెస్ ఊరికి నడిచాం. ఈ ఊరి వడ్రంగి పీటర్ మిట్టర్‌హోఫర్ 1860లలో చెక్కతో టైపు మెషీన్ చేశాడు. చక్రవర్తికి చూపించడానికి దాన్ని మోసుకుంటూ వియన్నా దాకా నడిచివెళ్లాడు. ఈ లోయకి అప్పుడు రైలు లేదు మరి. 1893లో పోయాడు, రైలు రాకముందే.

సాయంత్రం నతుర్నోలో మా బస. ఆపిల్ తోట మధ్యలో ఇల్లు, పైన నాలుగు గదులు అద్దెకిస్తారు. ఇద్దరికీ కలిపి రోజుకి 78 యూరోలు, పొద్దున టిఫిన్‌తో సహా. ఇంటావిడకి అరవై దాకా ఉంటాయి, ఇంగ్లీషు బాగా వచ్చు. నాన్న ఉద్యోగం గురించి చెప్పగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ లైను మూసేసిన రోజుల గురించి ఆవిడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు లైను ఇటలీ ప్రభుత్వ రైల్వే చేతిలో ఉండేది. బళ్లు పాతబడ్డాయి, రోడ్డు బాగుపడింది, కార్లు పెరిగాయి, ఎక్కేవాళ్లు తగ్గారు, ఖర్చు మాత్రం అలాగే ఉంది. 1990లో ఆపేశారు. పట్టాలు తీసేయలేదు, వాటి మధ్య గడ్డి మొలిచింది, తర్వాత పొదలు, ఆ తర్వాత చెట్లు. లోయకి ఉన్నది ఒకటే పెద్ద రోడ్డు. వేసవిలో టూరిస్టు కార్లు, కోతల కాలంలో ఆపిల్ ట్రాక్టర్లు, అన్నీ దాని మీదే. మెరానోలో హైస్కూలుకి వెళ్లే ఆవిడ కొడుకు బస్సులో చదువుకుని బస్సులోనే నిద్రపోయేవాడట. "రైలు ఉన్నప్పుడు మేమూ పెద్దగా ఎక్కలేదు, పోయాక తెలిసింది" అంది. లోయవాళ్లు దాన్ని ఊరికే వదిలేయకుండా రైలు కావాలని అడుగుతూనే ఉన్నారు. చివరికి ప్రాంతీయ ప్రభుత్వం లైను తన చేతిలోకి తీసుకుని, ట్రాక్ మొత్తం కొత్తగా వేసి, సిగ్నళ్లు మార్చి, స్టేషన్లకి పాత రంగులు వేసి, 2005 మే 5న మళ్లీ తెరిచింది.

అసలు కిటుకు రైలొక్కటే కాదు. టైముల్లో ఉంది. గంటకొకటి, రద్దీ వేళల్లో ఇంకా దగ్గర దగ్గరగా, ప్రతి గంటా అవే నిమిషాలకి బండి వస్తుంది. బండి దిగేసరికి పక్క ఊళ్లకి వెళ్లే బస్సు స్టేషన్ బయట నిలబడి ఉంటుంది. స్టేషన్లలో సైకిళ్లు అద్దెకిస్తారు, రైల్లో పైకెళ్లి సైకిల్ మీద కిందికి దిగొచ్చు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది ఎక్కారు, కొన్నేళ్లలోనే ఏడాదికి 20 లక్షల ప్రయాణాలు దాటాయి. లోయ మొత్తం కలిపినా జనం లక్ష లేరు. డీజిల్ తీసేసి కరెంటు లైను వేసే ఏర్పాట్లు కూడా జరుగుతున్నాయని అప్పుడు ఆవిడ చెప్పింది.

అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి వైపు. నౌపడా–గుణుపూర్ చిన్న రైలు 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజ్ చేసి 2011లో మళ్లీ నడిపేదాకా మా అమ్మమ్మ ప్రతి ఉత్తరంలో "రైలెప్పుడొస్తుందో మీ ఆయన్ని అడుగు" అని రాయించేది. నాన్న ఆ మాట చెప్తే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇంటావిడ నవ్వలేదు, తలాడించింది. లోపలికెళ్లి మాకు ఎల్డర్‌ పూల షర్బత్ తెచ్చింది.

సెప్టెంబర్ 17, మంగళవారం, లాసా అనుకుని లాచెస్

పొద్దున టిఫిన్లో 'పార్ల్' పెట్టారు. రై పిండితో చేసిన రెండు బిళ్ల రొట్టెలు, కవల పిల్లల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నాన్న ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా ముక్కు దగ్గర పెట్టుకుని "మెంతులేసేరేటి తల్లీ" అన్నారు. నాకూ అలాగే వాసనొచ్చింది. ఇంటావిడని అడిగితే ఒక గాజు సీసా తెచ్చి మూత తీసింది. ఎండిన ఆకుల పొడి, పచ్చబూడిద రంగు. నీలి పూల మొక్కట, రొట్టెల్లో వేయడానికే పెరట్లో పెంచుతారు. మెంతి జాతిదే. కొంచెం అరచేతిలో వేసుకుని నలిపితే చెయ్యి మధ్యాహ్నం దాకా మా వంటింటి వాసనే వేసింది.

ఆ రోజు వెళ్లాల్సింది లాసాకి, పాలరాయి చూడ్డానికి. బండిలో అనౌన్స్‌మెంట్ రెండు భాషల్లో వస్తుంది. "లాచెస్, లాచ్" అని వినబడగానే నేను లేచి నాన్నని దింపేశాను. లాసాని జర్మన్లో లాస్ అంటారు. లాచెస్, లాచ్, లాసా, లాస్, నాలుగూ నా చెవికి ఒకేలా ఉన్నాయి. బండి వెళ్లిపోయాక బోర్డు చూస్తే ఇంకా మూడు స్టేషన్లుంది.

ఈ జంట పేర్ల వెనక ఒక బాధ ఉంది. ఎట్టోరె టొలొమెయి అనే ఆయన వేలాది జర్మన్ ఊరి పేర్లకి ఇటాలియన్ పేర్లు తయారుచేసి జాబితా రాశాడు. ముస్సోలినీ ప్రభుత్వం వాటినే అధికారికం చేసింది. స్కూళ్లలో జర్మన్ చెప్పడం ఆపించింది. పిల్లలకి ఇళ్లలో, కొట్టాల్లో దొంగచాటుగా నేర్పించేవారు, మా ఇంటావిడ అమ్మమ్మ అలా నేర్చుకున్నదే. ఇప్పుడు బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నాయంటే అది ఊరికే రాలేదు.

మళ్లీ బండికి చాలా టైముంది. స్టేషన్ దగ్గర సైకిల్ అద్దెకిచ్చే కుర్రాడు, నడవగలిగితే కాలవ గట్టు మీదుగా కాస్టెల్‌బెల్లో దాకా వెళ్లండి, చాలా బాగుంటుంది, అక్కడ బండెక్కొచ్చు అన్నాడు. వెనక్కి వెళ్లడమే, అయినా నాన్న "పద" అన్నారు.

ఈ లోయలో వాన చాలా తక్కువ. ఆల్ప్స్ కొండల్లో ఇంత పొడి లోయలు అరుదు, ఏడాదికి 500 మిల్లీమీటర్ల దరిదాపు, ఇంచుమించు మన అనంతపురమంత. అయినా కనుచూపు మేర ఆపిల్ తోటలే. కారణం కాలవలు. వందల ఏళ్లుగా పైనుంచి మంచు కరిగిన నీళ్లని కొండవాలు వెంట సన్నటి కాలవలు తవ్వి తెచ్చుకున్నారు. ఎక్కడ మట్టి ఆగదో అక్కడ చెట్టు మానుని తొలిచి దోనెలా పెట్టారు. ప్రతి కాలవకీ ఒక కాపలాదారు ఉండేవాడు. ఇప్పుడూ కొన్నిటికి ఉన్నారు. కాలవలో చిన్న చెక్క చక్రం, దాని ఇరుసుకి ఒక సుత్తి, సుత్తి కొట్టడానికి ఒక గంట. నీళ్లు పారినంతసేపూ చక్రం తిరుగుతుంది, గంట మోగుతుంది. పైన ఎక్కడో గండి పడితేనో, కొమ్మ అడ్డంపడితేనో నీళ్లు ఆగుతాయి, గంట ఆగుతుంది. రాత్రి నిద్రలో ఉన్న కాపలాదారుకి ఆ నిశ్శబ్దానికే మెలకువ వస్తుంది. అలాంటి గంట ఒకటి మా దారిలో ఉంది. నాన్న దాని ముందు చతికిలబడి కూర్చుని చాలాసేపు చూశారు. సుత్తి తల అరిగి ఒక పక్కకి వాలిపోయింది, గంట మీద అది తగిలే చోట రూపాయంత మేర నున్నగా మెరుస్తోంది.

తోటల్లో కోతలు జోరుగా సాగుతున్నాయి. కుటుంబాలకి కుటుంబాలు నిచ్చెనలేసుకుని కోస్తున్నాయి, వరసల మధ్య పెద్ద పెద్ద పెట్టెలు. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ "గ్రియస్ దీ" అని పలకరిస్తారు. మనం కూడా అనాలి, అనకపోతే మర్యాద కాదు. నాన్న నమస్కారం పెట్టి మరీ అన్నారు. చెట్టు మీది కాయ ముట్టుకోకూడదు, ఒక మలుపులో బల్ల మీద సంచులు కట్టి పెట్టారు, పక్కన డబ్బుల డబ్బా, మనిషి లేడు. 2 యూరోలేసి ఒక సంచి తీసుకున్నాం. కొరికితే రసం మోచేతి దాకా కారింది.

కాస్త ముందుకెళ్తే లోయ ఇరుకవుతుంది. కింద అడిజె నది, దాన్ని ఆనుకుని మన పట్టాలు. ఇక్కడే, 2010 ఏప్రిల్ 12 పొద్దున తొమ్మిది గంటల వేళ, మాల్లెస్ నుంచి వస్తున్న బండి మీద కొండ జారి పడింది. 9 మంది చనిపోయారు, 28 మందికి దెబ్బలు తగిలాయి. బండి నదిలోకి దొర్లిపోకుండా కట్ట మీది చెట్లు ఆపాయి. ఈ సంగతి నేను ముందే చదివాను, నాన్నకి చెప్పాలా వద్దా అని తటపటాయించి, అక్కడ నిలబడ్డప్పుడు చెప్పాను.

"వానా?" అన్నారు వెంటనే.

"కాదు నాన్నా. పైన తోటకి నీళ్లు పెట్టే పైపులో నీళ్లు లీకై, మట్టి నానిపోయి ఒక్కసారి జారిందట."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వానాకాలం పెట్రోలింగ్ అంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రాత్రిళ్లు ఇద్దరేసి మనుషులు లాంతరు, డిటొనేటర్లు పట్టుకుని కటింగుల్లో తిరుగుతారు. బండరాయి కనిపిస్తే పట్టాల మీద డిటొనేటర్లు పెట్టి, అవి పేలిన చప్పుడికి బండి ఆగేలా చేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఫోన్ మోగిందంటే అమ్మ అన్నం ప్లేటు మీద మూతపెట్టేసేది, నాన్న ఇక రారని. మూడుసార్లు ఆయన సెక్షన్లో కొండ జారింది, మూడుసార్లూ బండి రాకముందే మనుషులు చూశారు. ఆ మాట ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు.

"వానైతే మనిషిని తిప్పుతాం," అన్నారు చివరికి. "ఎండ కాసే రోజున పైన తోటలో పైపు కారితే కింద ట్రాక్ చూసేవోడికి ఎలా తెలుస్తాది తల్లీ. ఆడు చెయ్యగలిగింది ఏటుంది." ఇంకాసేపాగి, "నీళ్లు ఎక్కణ్ణుంచొస్తున్నాయో చూడకుండా కటింగ్ చూసి లాభం లేదు" అన్నారు. డైరీ తీసి ఏదో రాసుకున్నారు. అడగలేదు నేను.

ఆ చక్రం గంట చప్పుడు వెనక నుంచి సన్నగా వినబడుతూనే ఉంది.

సెప్టెంబర్ 18, బుధవారం, లాసా

ఈసారి సరిగ్గా దిగాం. స్టేషన్ పక్కనే పాలరాయి దిమ్మెలు, లారీ అంతంతవి, ఎండకి కళ్లు చెదిరేంత తెలుపు. ఊళ్లో కాలిబాటలు కూడా ఆ రాయే. మన దగ్గర పూజగదిలో వేసుకునే రాయి ఇక్కడ సైకిళ్లు తొక్కే దారిలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల శ్మశానాల్లో వరసగా కనబడే తెల్ల శిలువలకి రాయి ఇక్కణ్ణుంచే పంపారు, వేల కొద్దీ. న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర 2016లో తెరిచిన కొత్త స్టేషన్ నేల మీద పరిచింది కూడా ఇదే. గని ఎక్కడో పైన, 1,500 మీటర్లకి పైన. అక్కణ్ణుంచి కిందికి దింపడానికి కొండ నిటారుగా ఉన్నచోట వాలు పట్టాలు వేశారు. ఇనుప తాడు కట్టిన బల్ల మీద దిమ్మెని పెట్టి నెమ్మదిగా వదులుతారు. కింద నిలబడి మెడ ఎత్తి చూస్తే ఆ పట్టాలు చెట్లమధ్య తిన్నగా ఆకాశంలోకి పోయినట్టుంటాయి.

నాన్నకి ఇది చూశాక హుషారొచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైన్లో పనిచేసిన మనిషి కదా, రాయి కోసం వేసిన పట్టాలంటే సొంతవాళ్లని చూసినట్టే. కంచె దాటి లోపలికి వెళ్లనివ్వరు, అయినా బయట నుంచే గంటసేపు చూశారు. లోపల పనిచేస్తున్న ఒకాయన దగ్గరికొచ్చి, ఆయనకి ఇంగ్లీషు రాదు, నాన్నకి జర్మన్ రాదు, ఇద్దరూ చేతులతో తాడు మందం, బరువు, బ్రేకు గురించి మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను, నా అవసరం రాలేదు. వెళ్తూ వెళ్తూ ఆయన నేల మీంచి అరచేతిలో పట్టే తెల్ల ముక్క తీసి నాన్నకిచ్చాడు. ఇప్పుడు అది మా ఇంట్లో టీవీ పక్కన ఉంది.

ఈ ఊరికి ఆప్రికాట్ పళ్లు కూడా ప్రసిద్ధి, సీజన్ ఆగస్టుకే అయిపోయింది. జామ్ సీసా 5 యూరోలకి కొన్నాం. కాఫీ 1.60.

సెప్టెంబర్ 19, గురువారం, మాల్లెస్, గ్లోరెంజా

నతుర్నో నుంచి చివరిదాకా ఒకేసారి వెళ్లాం. పైకి పోయేకొద్దీ ఆపిల్ తోటలు పలచబడి గడ్డిభూములొస్తాయి, స్పొందీన్యా దగ్గర ఎడమవైపు లోయ తెరుచుకుని దూరంగా మంచు కొండలు కనిపిస్తాయి. 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో కనుమకి దారి ఇక్కణ్ణుంచే, ఇటువైపు 48 మలుపుల రోడ్డు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ మంచులో పోరాడిన ఆస్ట్రియా సైన్యానికి సామాను ఈ రైల్లోనే వచ్చేది. లైను వేసి పదేళ్లు కూడా కాలేదు అప్పటికి.

మాల్లెస్‌లో పట్టాలు ఆగిపోతాయి. నాన్న బఫర్ దాకా, అంటే పట్టాల చివర బండిని ఆపడానికి పెట్టే అడ్డు దాకా నడిచి, చెయ్యి వేసి నిలబడ్డారు. ఎత్తు ఎంత అని అడిగితే వెయ్యికి కాస్త తక్కువ అని చెప్పాను. "శిమిలిగుడ 996.32" అన్నారు ఠక్కున. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని ఆ బోర్డు కింద నన్ను నిలబెట్టి ఫోటో తీయించారు, నాకప్పుడు ఏడేళ్లు. బఫర్ పక్కన నిలబెట్టి ఈసారి నేను తీశాను.

మాల్లెస్ ఊళ్లో ఎటు చూసినా రాతి గోపురాలే. సాంక్ట్ బెనెడిక్ట్ అనే చిన్న చర్చి గోడల మీద పన్నెండు వందల ఏళ్లనాటి బొమ్మలున్నాయి. ఈ ఊరు ఇంకో విషయంలో కూడా పేరుపొందింది, 2014లో ఊరివాళ్లు ఓట్లేసి తమ పంచాయతీలో పురుగుమందులు వద్దన్నారు, నూటికి 75 మంది దాకా వద్దనే వేశారు. కింద నుంచి ఆపిల్ తోటలు పైకి పాకుతున్నాయి, వాటితో పాటు మందు కొట్టడమూ వస్తోందని వాళ్ల భయం. ఆపిల్ వల్లే ఈ లోయ బాగుపడిందనీ తెలుసు, అయినా అలా అన్నారు.

గ్లోరెంజాకి పొలాల మీదుగా నడిచాం. చుట్టూ పూర్తి కోటగోడ, మూడు ద్వారాలు, లోపల తొమ్మిది వందల మంది దాకా జనం. 1499 యుద్ధంలో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారట. అరుగుల్లాంటి వంపుల కింద ఒక చిన్న కొట్లో 'ష్నేమిల్ఖ్' తిన్నాం. తెల్ల రొట్టె పాలల్లో నానేసి, ఎండుద్రాక్ష, గింజలు, దాల్చినచెక్క, పైన మీగడ. కప్పు 5 యూరోలు. షుగరుందని నాన్న నాలుగు చెంచాలతో ఆపేశారు, ఆ నాలుగూ చాలా నెమ్మదిగా తిన్నారు.

సెప్టెంబర్ 20, శుక్రవారం, రెసియా, తిరుగు ప్రయాణం

మాల్లెస్ స్టేషన్ బయట బస్సు మా బండి కోసమే నిలబడి ఉంది, దిగినవాళ్లందరూ ఎక్కాకే కదిలింది. పైన రెసియా సరస్సు. నీళ్ల మధ్యలో ఒక చర్చి గోపురం ఒంటరిగా నిలబడి ఉంటుంది, పోస్టుకార్డుల్లో అందరూ చూసేదే. 1950లో కరెంటు కోసం ఆనకట్ట కట్టి నీటిమట్టాన్ని 22 మీటర్లు పెంచారు. కురోన్ ఊరూ, పక్క ఊళ్లో కొంతా మునిగి 163 ఇళ్లు పోయాయి. ఊరివాళ్లు వద్దని మొత్తుకున్నా వినలేదు. ఒడ్డున సెల్ఫీలు తీసుకుంటున్న జనం మధ్య నాన్న అడిగిన మొదటి మాట "వాళ్లకి డబ్బులిచ్చారా?" తక్కువే ఇచ్చారని, చాలామంది లోయ వదిలి వెళ్లిపోయారని చెప్పాను.

ఇంకో సంగతి ఉంది. అసలు ఈ రైలు మాల్లెస్‌లో ఆగిపోవడానికి వేసింది కాదు. ఈ రెసియా కనుమ దాటి అవతల ఆస్ట్రియాలోని లాండెక్ దాకా వెళ్లాలి. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఖైదీల చేత పని కూడా మొదలుపెట్టారు. యుద్ధం ముగిసింది, సామ్రాజ్యం కూలింది, మధ్యలో కొత్త సరిహద్దు వచ్చింది, పని ఆగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు మాట వచ్చినా పట్టాలు రాలేదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నాన్న కొండవాలు చూస్తూ లైను ఎటు నుంచి వచ్చేదో తనే గీసుకున్నారు. ఇక్కడ కటింగ్, అక్కడ సొరంగం, అదిగో ఆ మలుపులో వయాడక్ట్ (లోయ మీద పొడవాటి వంతెన) అని వేలితో అద్దం మీద చూపిస్తూ వచ్చారు.

మాల్లెస్‌లో సాయంత్రం బండి ఎక్కాం. బడి పిల్లలు, సైకిళ్లు, చేతులకి మట్టితో తోట కూలీలు, నిండుగా ఉంది. నాన్నకి కిటికీ పక్క సీటు దొరికింది. లాసాలో తెల్లరాళ్ల మీద నీరెండ పడుతోంది. లాచెస్ దాటగానే ఆయన లేచి నిలబడ్డారు. చోటు కావాలేమోనని ఎదురుగా కూర్చున్న అబ్బాయి కాళ్లు పక్కకి తీసుకున్నాడు. నాన్న తలుపు దగ్గరికెళ్లి, కడ్డీ పట్టుకుని, పైన తోటల వైపు చూస్తూ నిలబడ్డారు. నది పక్కన ఇరుకులోంచి బండి వెళ్లినంతసేపూ అలాగే ఉన్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, బండి చప్పుడులో నాకేమీ వినబడలేదు.

కాస్టెల్‌బెల్లో బోర్డు కనబడ్డాక వచ్చి కూర్చున్నారు. "ఆ రొట్టె ఇంకా ఉందా తల్లీ" అని అడిగారు. సంచిలోంచి తీసి సగం తుంచి ఇచ్చాను.